ఒకే కమిట్, రెండు బిల్డులు, రెండు ఫలితాలు: లాక్ ఫైల్ ఉన్నా ఇలా ఎందుకు జరిగింది?

కొత్త కొమ్మ · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. విజయవాడలో చిన్న కంపెనీలో పని చేస్తున్నాను, నలుగురం డెవలపర్లం. ఒక డెంటల్ క్లినిక్‌కి అపాయింట్‌మెంట్ల సైట్ చేసిచ్చాం. నెక్స్ట్.జేఎస్ (జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్)తో కట్టాం, డాకర్‌లో (యాప్‌ని ఒక ఇమేజ్‌గా కట్టి కంటైనర్‌లో నడిపే టూల్) నడుస్తుంది. ఏడు నెలలుగా ఏ గొడవా లేదు.

మొన్న శనివారం పాత సర్వరు నుంచి కొత్త సర్వరుకి మారాం. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చలేదు. అదే కమిట్‌ని (గిట్‌లో దాచిన కోడ్ స్థితిని) కొత్త మెషిన్ మీద బిల్డ్ చేసి ఎక్కించాం, అంతే. సైట్ తెరిచి చూశాం, అంతా బాగానే కనిపించింది. ఈరోజు పొద్దున క్లినిక్ రిసెప్షన్ నుంచి ఫోన్. బుధవారం రావాల్సిన పేషెంట్లు మంగళవారానికి మెసేజ్ వచ్చిందంటున్నారట. చూస్తే నిజమే, కొత్తగా పడిన ప్రతి అపాయింట్‌మెంటూ ఒక రోజు ముందుకి జరిగింది. పాపం ఆవిడ కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేసి సరిచెప్పుకుంటోంది.

మధ్యాహ్నానికి కారణం దొరికింది. తేదీల కోసం వాడే ఒక చిన్న ప్యాకేజీ ఉంది. తేదీ ఒక్కటే ఉన్న స్ట్రింగ్‌ని ఇంతకుముందు యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక సమయంగా) చదివేది. కొత్త మైనర్ వెర్షన్‌లో దాన్ని లోకల్ టైమ్‌గా చదువుతోంది. మన దగ్గర అర్ధరాత్రి అంటే యూటీసీలో ముందు రోజు సాయంత్రం 6:30. అక్కడ ఒక రోజు పోయింది.

నాకు అర్థం కానిది ఒకటే. మా రిపోలో లాక్ ఫైల్ (ఏ ప్యాకేజీ ఏ వెర్షన్ దిగాలో నికరంగా రాసి ఉంచే ప్యాకేజ్-లాక్.జేసన్) ఉంది. కమిట్ కూడా అయ్యి ఉంది. అందులో ఆ ప్యాకేజీ 3.1.4 అని రాసుంది. సర్వరులో మాత్రం 3.4.0 దిగింది. లాక్ ఫైల్ ఉన్నాక కూడా ఇలా ఎలా జరుగుతుంది?

---

పాత సర్వరు · సోమవారం, రాత్రి 9:58

ముందు డాకర్‌ఫైల్ పెట్టండి. ఇన్‌స్టాల్ లైనూ, దానికి ముందున్న కాపీ లైన్లూ చాలు. .డాకర్‌ఇగ్నోర్ ఫైల్ (ఇమేజ్‌లోకి కాపీ కాకూడనివాటి జాబితా) ఉంటే అది కూడా.

---

కొత్త కొమ్మ · సోమవారం, రాత్రి 10:05

ఇవీ అన్నా. కీబోర్డ్ మార్చకుండా తెలుగులోనే కొడుతున్నాను.

ఫ్రమ్ నోడ్:22-ఆల్పైన్
కాపీ ప్యాకేజ్.జేసన్ ./
రన్ ఎన్‌పీఎం ఇన్‌స్టాల్
కాపీ . .
రన్ ఎన్‌పీఎం రన్ బిల్డ్

డాకర్‌ఇగ్నోర్‌లో నోడ్_మాడ్యూల్స్, .నెక్స్ట్, .గిట్ ఉన్నాయి.

---

పాత సర్వరు · సోమవారం, రాత్రి 10:31

రెండో లైన్ చూడండి. ప్యాకేజ్.జేసన్ (కావలసిన ప్యాకేజీల జాబితా) ఒక్కదాన్నే లోపలికి తీసుకెళ్తున్నారు. మూడో లైన్‌లో ఇన్‌స్టాల్ నడిచేటప్పటికి లాక్ ఫైల్ కంటైనర్ లోపల లేనే లేదు. ప్యాకేజీలు దింపే ఎన్‌పీఎంకి కనిపించేది '^3.1.0' అన్న మాట ఒక్కటే. 3.1.0 మొదలుకొని 4.0.0కి లోపు ఏదైనా సరే అని దాని అర్థం. అందులో సరిపోయే కొత్తదాన్ని తెచ్చుకుంది. ఆ తర్వాత నాలుగో లైన్‌లో లాక్ ఫైల్ లోపలికి వచ్చింది కానీ, అప్పటికి పెళ్లయిపోయింది.

మరి ఏడు నెలలు ఎలా నడిచింది అని అడుగుతారు. ఇది చాలామందికి తట్టని సంగతి. డాకర్ ప్రతి లైన్‌నీ ఒక లేయర్‌గా దాచుకుంటుంది. ప్యాకేజ్.జేసన్ మారకపోతే, కింద బేస్ ఇమేజ్ మారకపోతే, 'ఎన్‌పీఎం ఇన్‌స్టాల్' లైన్‌ని మళ్లీ నడపదు. పాత మెషిన్ మీద మీరు చివరిసారి ఏదో ప్యాకేజీ చేర్చిన రోజు ఏ వెర్షన్లు దిగాయో, ఇన్నాళ్లూ వాటినే క్యాష్ నుంచి తీసి ఇస్తూ వచ్చింది. అంటే ఆ మెషిన్ డిస్క్‌లోని క్యాష్ మీకు తెలియకుండానే లాక్ ఫైల్ పని చేసింది. కొత్త మెషిన్‌లో క్యాష్ ఖాళీ. మొదటిసారి నిజంగా ఇన్‌స్టాల్ జరిగింది, ఈ రోజున్న వెర్షన్లతో.

ఇంకో మాట, ఇది కొంచెం బాధ కలిగించేదే. మీరు ల్యాప్‌టాప్‌లో పరీక్షించింది లాక్‌లో ఉన్న 3.1.4. పాత సర్వరులో నడిచింది బహుశా అది కూడా కాదు. ఏడు నెలలుగా పరీక్షించింది ఒకటి, నడిపింది ఇంకొకటి. తేడా కంట పడకపోవడం అదృష్టం.

పాత ఇమేజ్ ఇంకా ఉందా? ఉంటే చెరపకండి. దాని లోపలికి వెళ్లి, ప్యాకేజీలు దిగే నోడ్_మాడ్యూల్స్ ఫోల్డర్‌లో '.ప్యాకేజ్-లాక్.జేసన్' అని చుక్కతో మొదలయ్యే ఫైల్ ఉంటుంది, చూడండి. ఎన్‌పీఎం 7 నుంచి ఇన్‌స్టాల్ అయిన ప్రతిసారీ నిజంగా ఏమి దిగిందో అందులో రాసుకుంటుంది. పై ఫోల్డర్‌లో ఉన్న లాక్ ఫైల్‌ని నమ్మొద్దు, అది 'కాపీ . .' తెచ్చి పెట్టింది. సాక్ష్యం ఈ చుక్క ఫైలే.

---

సిరిసిల్ల నేత · సోమవారం, రాత్రి 10:50

ఇంత తతంగం ఎందుకన్నా? ప్యాకేజ్.జేసన్‌లో ఆ ^ గుర్తులన్నీ తీసేస్తే సరిపోదా? మేం అదే చేస్తాం. '3.1.4' అని నికరంగా రాస్తే అదే దిగుతుంది కదా. కాన్‌ఫ్లిక్ట్ వచ్చిన ప్రతిసారీ ఆ వేల లైన్ల ఫైల్‌తో కుస్తీ పట్టే పని కూడా ఉండదు.

---

రాత్రి షిఫ్టు · సోమవారం, రాత్రి 11:22

సరిపోదు తమ్ముడూ. నీ ప్యాకేజ్.జేసన్‌లో ఉన్నవి నువ్వు పిలిచిన చుట్టాలు. వాళ్లు వెంట తెచ్చుకునేవాళ్ల సంగతేంటి? ఒక మామూలు నెక్స్ట్.జేఎస్ ప్రాజెక్ట్‌లో నువ్వు రాసేది ఇరవయ్యో ముప్పయ్యో పేర్లు, దిగేవి కొన్ని వందలు. ఆ వందల ప్యాకేజీల సొంత ప్యాకేజ్.జేసన్‌లలో ^ గుర్తులు అలాగే ఉంటాయి. వాటి మీద నీకు చెయ్యి లేదు. నువ్వు పైన గడియ పెట్టినా పెరటి తలుపు తెరిచే ఉంటుంది.

లాక్ ఫైల్‌ని వేల లైన్ల చెత్త అనుకోకుండా ఒక్కసారి ఒక్క ఎంట్రీ దగ్గర ఆగి చూడు. మూడు సంగతులుంటాయి. 'వెర్షన్' అంటే ఏది అని. 'రిజాల్వ్డ్' అంటే ఏ అడ్రస్ నుంచి తెచ్చాం అని. 'ఇంటెగ్రిటీ' అంటే ఆ టార్‌బాల్ (ప్యాకేజీ మూట)లోని బైట్ల ఎస్‌హెచ్‌ఏ-512 హ్యాష్, వేలిముద్ర లాంటిది. ఈ మూడోది నీ '3.1.4' ఎప్పటికీ ఇవ్వలేదు. మధ్యలో ఎవరైనా, ఏ మిర్రర్ (నకలు సర్వరు) అయినా అదే వెర్షన్ నంబర్ కింద వేరే బైట్లు పంపితే, హ్యాష్ కలవక ఇన్‌స్టాల్ అక్కడే ఆగిపోతుంది.

నేను ఆపరేషన్స్‌లో ఉంటాను. రాత్రి రెండింటికి రోల్‌బ్యాక్ చేసేది నేనే. 'పాత కమిట్‌కి వెళ్లి మళ్లీ బిల్డ్ చెయ్యి' అంటారు. లాక్ ఫైల్ సరిగ్గా వాడని ప్రాజెక్ట్‌లో పాత కమిట్‌కి వెళ్లినా పాత సాఫ్ట్‌వేర్ రాదు. పాత కోడ్, కొత్త ప్యాకేజీలు వస్తాయి. ఆ కలయికని ఎవరూ ఎప్పుడూ పరీక్షించి ఉండరు.

---

వైజాగ్ అల · మంగళవారం, ఉదయం 7:15

డౌట్. 'ఎన్‌పీఎం ఇన్‌స్టాల్' అసలు లాక్ ఫైల్‌ని పట్టించుకోదని, 'ఎన్‌పీఎం సీఐ' ఒక్కటే పట్టించుకుంటుందని మా సీనియర్ చెప్పారు. నిజమేనా?

---

పాత సర్వరు · మంగళవారం, ఉదయం 7:48

పూర్తిగా నిజం కాదు. రెండు ఫైళ్లూ పొంతనగా ఉంటే 'ఇన్‌స్టాల్' కూడా లాక్‌నే అనుసరిస్తుంది. పొంతన లేకపోతే మాట్లాడకుండా లాక్‌ని సవరించి ముందుకు పోతుంది. డెవలపర్ ల్యాప్‌టాప్‌లో అది కావాలి. సర్వరులో అదే ప్రమాదం. 'సీఐ' అలా చేయదు. పొంతన లేకపోతే ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది, నోడ్_మాడ్యూల్స్ మొత్తం తుడిచేసి మొదటి నుంచి దింపుతుంది, లాక్ ఫైల్ మీద ఒక్క అక్షరం కూడా రాయదు. 2018లో ఎన్‌పీఎం 5.7తో వచ్చింది. ఎన్‌పీఎం బదులు యార్న్ వాడితే, పాతదానిలో '--ఫ్రోజెన్-లాక్‌ఫైల్', కొత్త యార్న్‌లో '--ఇమ్యూటబుల్'. అలాంటిదే పీఎన్‌పీఎం. అది సీఐలో (ఈ సీఐ వేరు, బిల్డులూ టెస్టులూ తనంతట తానే నడిపే వ్యవస్థ) నడుస్తోందని గుర్తిస్తే తనంతట తనే ఫ్రోజెన్‌గా నడుస్తుంది.

---

కొత్త కొమ్మ · మంగళవారం, మధ్యాహ్నం 1:20

అన్నా, మీరు చెప్పింది అక్షరాలా నిజం. పాత ఇమేజ్ ఉంది. చుక్క ఫైల్ తెరిచి రిపోలోని లాక్‌తో పోల్చాను. ఆ తేదీల ప్యాకేజీ అందులో 3.2.1. లాక్‌లో 3.1.4, శనివారం ఇమేజ్‌లో 3.4.0. మూడు చోట్ల మూడు. ఇంకా 41 ప్యాకేజీలు లాక్‌తో కలవలేదు. చూసి కాసేపు మాట రాలేదు.

వెంటనే కాపీ లైన్‌లో లాక్ ఫైల్ కూడా చేర్చి, 'ఎన్‌పీఎం సీఐ' పెట్టాను. మొదట 'ప్యాకేజ్.జేసన్, లాక్ ఫైల్ పొంతనగా లేవు' అని ఆగింది. ఎవరో ప్యాకేజ్.జేసన్‌లో చేత్తో ఒక వెర్షన్ మార్చి లాక్‌ని కమిట్ చేయలేదు. దాన్ని సరిచేశాను. ఈసారి ఇన్‌స్టాల్ అయింది. తీరా బిల్డ్‌లో 'లైట్నింగ్‌సీఎస్ఎస్.లైనక్స్-ఎక్స్64-మజిల్.నోడ్ దొరకలేదు' అని ఎర్రర్. లాక్ ఫైల్ వాడకపోతే బిల్డ్ అవుతోంది, వాడితే అవ్వట్లేదు! మా లీడ్ 'లాక్‌ని తీసి పారేయ్' అంటున్నారు. ఆయనకి ఏం చెప్పాలో తెలియట్లేదు, టెన్షన్‌గా ఉంది.

---

రాత్రి షిఫ్టు · మంగళవారం, మధ్యాహ్నం 2:45

కంగారు పడకు. ఒక ప్రశ్న. మీలో ఎవరైనా ఎప్పుడైనా మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ వచ్చినప్పుడు లాక్ ఫైల్‌ని డిలీట్ చేసి, నోడ్_మాడ్యూల్స్‌ని అలాగే ఉంచి, మళ్లీ 'ఎన్‌పీఎం ఇన్‌స్టాల్' కొట్టారా? విండోస్ మీదో మ్యాక్ మీదో?

---

కొత్త కొమ్మ · మంగళవారం, మధ్యాహ్నం 2:52

కొట్టాం అక్కా. మా టీమ్‌లో అందరం అదే చేస్తాం. ముగ్గురివి విండోస్, ఒకరిది మ్యాక్.

---

రాత్రి షిఫ్టు · మంగళవారం, మధ్యాహ్నం 3:30

అదే. ఇది ఎన్‌పీఎంలో చాలా ఏళ్లుగా ఉన్న బగ్, వేలమందిని ఏడిపించింది.

ఇప్పటి వెబ్ టూల్స్‌లో చాలావాటి గుండెకాయ రస్ట్‌లోనో గోలోనో రాసిన బైనరీ. నెక్స్ట్.జేఎస్‌కి ఎస్‌డబ్ల్యూసీ, టెయిల్‌విండ్ 4కి ఆక్సైడ్, లైట్నింగ్‌సీఎస్ఎస్. వీట్ 7 వరకు వాడేవాళ్లకి ఈఎస్‌బిల్డ్, రోలప్. బైనరీ కాబట్టి ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్‌కి, ఒక్కో ప్రాసెసర్‌కి ఒక్కో ప్యాకేజీ. వీటిని 'ఆప్షనల్ డిపెండెన్సీలు'గా పెడతారు. విండోస్ ఎక్స్64, మ్యాక్ ఆర్మ్64, లైనక్స్ ఎక్స్64 జీఎన్‌యూ, లైనక్స్ ఎక్స్64 మజిల్, ఇలా. సరైన లాక్ ఫైల్‌లో ఇవన్నీ నమోదై ఉంటాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మాత్రం ఆ మెషిన్‌కి సరిపోయేదే దిగుతుంది.

లాక్ లేకుండా, నోడ్_మాడ్యూల్స్ మాత్రం ఉంటే ఏమవుతుందంటే, ఎన్‌పీఎం రిజిస్ట్రీని (ప్యాకేజీలుండే ఆన్‌లైన్ భాండారాన్ని) అడగడం మానేసి, ఎదురుగా ఉన్న ఫోల్డర్‌ని చూసి కొత్త లాక్ రాసేస్తుంది. ఆ ఫోల్డర్‌లో ఉన్నది విండోస్ బైనరీ ఒక్కటే. కాబట్టి కొత్త లాక్‌లో కూడా విండోస్ ఒక్కటే ఉంటుంది. లైనక్స్ ఎంట్రీలు మాయం. ఆ లాక్‌తో లైనక్స్‌లో 'సీఐ' నడిపితే అది చెప్పినట్టే చేస్తుంది, లైనక్స్ బైనరీని తేదు. మీ ల్యాప్‌టాప్‌లలో అంతా పచ్చగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

మీ లీడ్‌తో ఇలా చెప్పు: లాక్ ఫైల్ వల్ల బిల్డ్ పగల్లేదు, లాక్ ఫైల్ పాడైన సంగతి ఇప్పుడు బయటపడింది.

మందు: గిట్ చరిత్రలో వెనక్కి వెళ్లి, మజిల్ ఎంట్రీలు మాయమైన కమిట్ పట్టుకో. దానికి ముందున్న లాక్ ఫైల్‌ని తీసుకొచ్చి, నోడ్_మాడ్యూల్స్ తుడిచేసి, 'ఎన్‌పీఎం ఇన్‌స్టాల్' కొట్టు. అలా చేస్తే వెర్షన్లు వీలైనంతవరకు పాతవే నిలుస్తాయి. మంచి లాక్ చరిత్రలో దొరక్కపోతే రెండూ చెరిపి మొదటి నుంచి పుట్టించాలి. అప్పుడు వెర్షన్లన్నీ కదులుతాయి, మొత్తం మళ్లీ పరీక్షించుకోవాలి.

అన్నట్టు ఆల్పైన్‌లో ఉండే సీ లైబ్రరీ మజిల్, డెబియన్ స్లిమ్ ఇమేజ్‌లో జీఎన్‌యూది. లాక్‌లో వెతికేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకో.

---

సిరిసిల్ల నేత · మంగళవారం, సాయంత్రం 5:10

నేను కూడా అదే చేస్తాను, లాక్ ఒక్కటే డిలీట్ చేసి ఇన్‌స్టాల్. కాన్‌ఫ్లిక్ట్ వస్తే మరి ఏం చేయాలి? వెయ్యి లైన్లు చేత్తో కలపలేం కదా.

---

పాత సర్వరు · మంగళవారం, సాయంత్రం 6:02

చేత్తో కలపొద్దు. చేత్తో కలిపిన లాక్‌లో ఒక వెర్షన్‌కి ఇంకో వెర్షన్ హ్యాష్ అంటుకునే ప్రమాదం ఉంది.

ముందు ప్యాకేజ్.జేసన్‌లో కాన్‌ఫ్లిక్ట్ ఉంటే దాన్ని మనిషిగా ఆలోచించి తేల్చండి, అది చిన్న ఫైలే. లాక్ విషయంలో మెయిన్ బ్రాంచ్‌లో ఉన్నదాన్ని యథాతథంగా తీసుకోండి. తర్వాత 'ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ --ప్యాకేజ్-లాక్-ఓన్లీ' కొట్టండి. మీ బ్రాంచ్‌లో కొత్తగా చేర్చినవి మెయిన్ లాక్ మీద చేరతాయి, మిగతావి కదలవు. నిజానికి కాన్‌ఫ్లిక్ట్ గుర్తులతో ఉన్న లాక్ ఫైల్‌ని కూడా ఎన్‌పీఎం తనే అర్థం చేసుకుని కలపగలదు. నాకు మాత్రం మెయిన్‌ది తీసుకోవడమే నచ్చుతుంది, ఏ వైపు గెలిచిందో అనుమానం ఉండదు.

ఇంకొకటి, ఊరికే ఇన్‌స్టాల్ చేస్తే వేల లైన్ల తేడా వస్తోందంటే టీమ్‌లో ఎన్‌పీఎం వెర్షన్లు వేరువేరుగా ఉన్నాయని అర్థం. లాక్ ఫైల్ ఫార్మాటే మూడు రకాలు. ఎన్‌పీఎం 5, 6 రాసేది 1. ఎన్‌పీఎం 7, 8 రాసేది 2. 9 నుంచి 3. రిపోలో '.ఎన్‌వీఎంఆర్‌సీ' పెట్టి, 'ఇంజిన్స్'లో వెర్షన్ రాసి, 'ఇంజిన్-స్ట్రిక్ట్' ఆన్ చేయండి. ఈ ఒక్క పనితో మా దగ్గర సగం కాన్‌ఫ్లిక్టులు తగ్గాయి.

---

డల్లాస్ తెలుగోడు · బుధవారం, ఉదయం 8:25

ఇక్కడ రాత్రి, ఇప్పుడే పని ముగిసింది. ఈ చర్చ చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

రూబీ వాళ్లకి బండ్లర్ 1.0తో 2010లోనే జెమ్‌ఫైల్.లాక్ ఉంది. జావాస్క్రిప్ట్‌లో అందరికీ అలవాటైంది 2016 అక్టోబర్‌లో యార్న్ వచ్చాకే. ఎన్‌పీఎం 5 తన లాక్‌ని 2017 మేలో తెచ్చింది. ఆలోపు ప్రతి బిల్డూ లాటరీయే, ఆ రోజులు నేను చూశాను.

లాక్ ఏం కాపాడుతుందో, ఏం కాపాడదో చెప్పే రెండు సంఘటనలు. 2022 జనవరిలో 'కలర్స్' అనే ప్యాకేజీని దాని రచయితే కావాలని పాడుచేశాడు. 1.4.1 దిగినవాళ్ల కన్సోల్ నిండా 'లిబర్టీ' అనే మాట, తర్వాత ఆగకుండా చెత్త అక్షరాలు. లాక్‌లో 1.4.0 ఉండి, దాన్ని గౌరవిస్తూ ఇన్‌స్టాల్ చేసినవాళ్లకి ఆ రోజు ఏమీ కాలేదు. లాక్ కాపాడింది.

2016 మార్చి 22న 'లెఫ్ట్-ప్యాడ్'. పదకొండు లైన్ల కోడ్. రచయిత దాన్ని రిజిస్ట్రీ నుంచి తీసేస్తే బేబెల్ (జావాస్క్రిప్ట్ కంపైలర్) మీద ఆధారపడిన బిల్డులన్నీ నిలిచిపోయాయి. ఇక్కడ లాక్ ఫైల్ ఉన్నా ఉపయోగం లేదు. లాక్‌లో ఉండేది అడ్రస్, హ్యాష్. సరుకు ఉండదు. ఆ అడ్రస్‌లో సరుకు లేకపోతే హ్యాష్ పట్టుకుని ఏం చేస్తాం? ఆ తర్వాత ఎన్‌పీఎం తీసివేత నియమాలు బిగించింది, అయినా ముఖ్యమైన ప్రాజెక్టులకి మధ్యలో సొంత రిజిస్ట్రీ మిర్రర్ పెట్టుకోవడం మంచిది. వెర్డాచియో లాంటిది చిన్న కంపెనీ కూడా నడుపుకోవచ్చు. ఒకసారి దిగిన టార్‌బాల్ మన దగ్గరే ఉంటుంది.

లారావెల్ (పీహెచ్‌పీ) వాళ్లకి ఒక మాట: సర్వరులో 'కంపోజర్ ఇన్‌స్టాల్' మాత్రమే. 'కంపోజర్ అప్‌డేట్' ల్యాప్‌టాప్‌లో చేసే పని. ఎంతోమంది సర్వరులో అప్‌డేట్ కొట్టడం కళ్లారా చూశాను.

---

పైథాన్ పంతులు · బుధవారం, ఉదయం 9:10

జాంగో వైపు నుంచి క్లుప్తంగా. 'పిప్ ఫ్రీజ్' తీసి రిక్వైర్‌మెంట్స్‌లో పడేస్తే వెర్షన్లు ఉంటాయి, హ్యాష్‌లు ఉండవు. 'పిప్-కంపైల్ --జనరేట్-హ్యాషెస్' వాడితే హ్యాష్‌లు వస్తాయి, కానీ ఏ మెషిన్ మీద నడిపారో ఆ మెషిన్‌కే ఆ ఫలితం వర్తిస్తుంది. రాత్రి షిఫ్టు గారు చెప్పిన ప్లాట్‌ఫామ్ కథే ఇక్కడా. యూవీ అనే టూల్ రాసే లాక్ మాత్రం అన్ని ప్లాట్‌ఫామ్‌లకీ కలిపి ఒకటే. 2025లో 'పైలాక్.టామ్ల్' అనే ఉమ్మడి ఫార్మాట్‌ని పెప్ 751 (పైథాన్ మార్పు ప్రతిపాదన) కింద ఆమోదించారు. ఇన్నేళ్లకి మాకూ ఒక ప్రమాణం దొరికింది.

---

వైజాగ్ అల · బుధవారం, ఉదయం 11:40

లాక్ చేసి కూర్చుంటే సెక్యూరిటీ ఫిక్సులు ఎలా వస్తాయి? పాత వెర్షన్లతోనే ఉండిపోతాం కదా?

---

రాత్రి షిఫ్టు · బుధవారం, మధ్యాహ్నం 12:55

లాక్ ఉందంటే మార్చకూడదని కాదు. మార్పు మనం అనుకున్నప్పుడు, మన కళ్ల ముందు జరగాలని. డిపెండాబాట్, రెనోవేట్ లాంటివి వారానికోసారి అప్‌డేట్ పీఆర్ (మార్పు ప్రతిపాదన) పెడతాయి. టెస్టులు నడుస్తాయి, చూసి మెర్జ్ చేస్తాం. ఏదైనా విరిగితే ఏ పీఆర్ వల్లో తెలుస్తుంది, ఒక్క రివర్ట్‌తో వెనక్కి వస్తాం. కొత్త కొమ్మ వాళ్లకి జరిగింది దీనికి తలకిందులు: సర్వరు మారిన రోజే ప్యాకేజీల వెర్షన్లు ఒకేసారి మారాయి, ఎవరూ చూడలేదు.

తొందర కూడా వద్దు. 2025 సెప్టెంబర్ 8న చాక్, డీబగ్ సహా 18 ప్యాకేజీల్లోకి దొంగ కోడ్ ఎక్కింది. వాటిని చూసుకునే మనిషికి నకిలీ మెయిల్ పంపి లాగిన్ కొట్టేశారు. కొన్ని గంటల్లోనే ఆ వెర్షన్లు తీసేశారు. ఆ కొన్ని గంటల్లో లాక్ లేకుండా బిల్డ్ చేసినవాళ్లు, ఆటోమేటిక్‌గా అప్‌డేట్ మెర్జ్ చేసినవాళ్లు చిక్కుకునే అవకాశం ఉంది. అదే నెలలో తనంతట తానే పాకే షై-హులూద్ వార్మ్ వచ్చింది. ఆ నెలలోనే పీఎన్‌పీఎం 10.16లో 'మినిమమ్ రిలీజ్ ఏజ్' సెట్టింగ్ తెచ్చింది. 1440 అని పెడితే, విడుదలై 1440 నిమిషాలు, అంటే ఒక రోజు నిండని వెర్షన్‌ని ముట్టుకోదు. మేం మూడు రోజులు పెట్టుకున్నాం.

ఇంకా ఒకటి చెప్పాలి, దీని గురించి తక్కువమంది మాట్లాడతారు. పీఆర్‌లో లాక్ ఫైల్ తేడాని గిట్‌హబ్ మడిచి పెడుతుంది, అందరం 'సరేలే' అని దాటేస్తాం. ఎవరైనా అందులో 'రిజాల్వ్డ్' అడ్రస్‌ని తమ సర్వరుకి తిప్పి, దానికి సరిపోయే హ్యాష్ పెడితే? ప్యాకేజ్.జేసన్‌లో ఏమీ కనిపించదు. అడ్రస్‌లన్నీ అసలు రిజిస్ట్రీవేనా అని చూడటానికి లాక్‌ఫైల్-లింట్ అనే చిన్న టూల్ ఉంది. సీఐలో ఒక్క లైన్. బయటివాళ్ల దగ్గర పీఆర్‌లు తీసుకునే ప్రతి ప్రాజెక్టూ పెట్టుకోవాలి.

---

కొత్త కొమ్మ · బుధవారం, రాత్రి 8:15

అక్కా, మంచి లాక్ చరిత్రలో దొరికింది! నాలుగు నెలల కిందటి కమిట్. మీరు చెప్పినట్టే చేశాను, మజిల్ ఎంట్రీలు తిరిగొచ్చాయి. 'సీఐ'తో బిల్డ్ పచ్చగా వచ్చింది, తేదీలు సరిగ్గా వస్తున్నాయి. ఈసారి రెండు సర్వర్ల మీద ఎక్కించాం.

కానీ కొత్త సమస్య. కొంతమందికి పేజీ మారుతున్నప్పుడు జావాస్క్రిప్ట్ ఫైళ్లు 404 అంటున్నాయి. రిఫ్రెష్ చేస్తే బాగుంటుంది. రెండు సర్వర్లలోనూ ఒకే కమిట్, ఒకే లాక్, విడివిడిగా బిల్డ్ చేశాం. ఇప్పుడు ప్యాకేజీలన్నీ కలిశాయి కూడా, చెక్ చేశాను.

---

పాత సర్వరు · బుధవారం, రాత్రి 9:20

ప్యాకేజీలు కలిశాయి, బిల్డ్ ఐడీలు కలవలేదు. 'నెక్స్ట్ బిల్డ్' నడిచిన ప్రతిసారీ ఒక కొత్త ఐడీ పుట్టిస్తుంది, కొన్ని స్టాటిక్ ఫైళ్ల దారిలో ఆ ఐడీ ఉంటుంది. మొదటి సర్వరు ఇచ్చిన పేజీ తన ఐడీతో ఫైల్ అడుగుతుంది, లోడ్ బ్యాలెన్సర్ (వచ్చే రిక్వెస్టుల్ని సర్వర్లకి పంచేది) ఆ అడగడాన్ని రెండో సర్వరుకి పంపుతుంది, దానికి ఆ ఐడీ తెలియదు. కాన్ఫిగ్‌లో 'జనరేట్‌బిల్డ్‌ఐడీ' అని ఫంక్షన్ ఉంది, గిట్ కమిట్ హ్యాష్‌ని ఇవ్వండి. సర్వర్ యాక్షన్స్ వాడుతుంటే వాటి ఎన్‌క్రిప్షన్ కీ కూడా బిల్డ్‌కొకటి పుడుతుంది, దాన్ని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా మీరే ఇవ్వాలి.

అంతకన్నా మేలైన దారి: అసలు రెండుసార్లు బిల్డ్ చేయకండి. సీఐలో ఒక్కసారి ఇమేజ్ కట్టి, రిజిస్ట్రీలో పెట్టి, అదే ఇమేజ్‌ని స్టేజింగ్‌లో పరీక్షించి, అదే ఇమేజ్‌ని రెండు సర్వర్లకీ దింపండి. పరీక్షించిన బైట్లే నడుస్తాయి.

లాక్ ఫైల్ చూసుకునేది ఎన్‌పీఎం ప్యాకేజీలని మాత్రమే. బిల్డ్‌లోకి బయట నుంచి వచ్చేవి ఇంకా ఉన్నాయి. మీ మొదటి లైన్ 'నోడ్:22-ఆల్పైన్' చూడండి. అది ఒక పేరు, దాని వెనకున్న ఇమేజ్ మారుతూ ఉంటుంది. 22 అన్న ఒకే అంకె కింద కూడా ప్రవర్తన మారింది: 22.12లో ఈఎస్ మాడ్యూళ్లని 'రిక్వైర్' చేయడం డిఫాల్ట్‌గా తెరిచారు. పూర్తి వెర్షన్ రాసి, పక్కన ఇమేజ్ డైజెస్ట్ (ఆ ఇమేజ్ హ్యాష్) పెట్టండి. దాన్ని కూడా రెనోవేట్ అప్‌డేట్ చేస్తుంది.

ఫాంట్లు ఏం వాడుతున్నారు?

---

కొత్త కొమ్మ · బుధవారం, రాత్రి 9:31

తెలుగు పేజీలకి నోటో సాన్స్ తెలుగు, హెడింగులకి మండలి. 'నెక్స్ట్/ఫాంట్/గూగుల్' నుంచి.

---

పాత సర్వరు · బుధవారం, రాత్రి 9:50

అది బిల్డ్ సమయంలో గూగుల్ నుంచి ఫాంట్ దింపుతుంది. లాక్‌లో దాని ప్రస్తావన ఉండదు, హ్యాష్ ఉండదు. నెట్ లేకపోతే బిల్డ్ ఆగుతుంది, అక్కడ ఫాంట్ కొత్త వెర్షన్ పెడితే మీ సైట్‌లో అక్షరాలు మారతాయి. మనకి ఇది చిన్న సంగతి కాదు. తెలుగు ఫాంట్‌లో ఒత్తుల షేపింగ్ టేబుల్ కొంచెం మారినా లైన్ ఎత్తు మారి బటన్లలో వత్తులు తెగిపోతాయి. రెండూ ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌వే. ఫైళ్లు రిపోలో పెట్టుకుని 'నెక్స్ట్/ఫాంట్/లోకల్' వాడండి.

---

కొత్త కొమ్మ · శుక్రవారం, రాత్రి 10:05

రెండు రోజులు పట్టింది. ఫాంట్లు రిపోలోకి తెచ్చాను. నోడ్ ఇమేజ్‌కి డైజెస్ట్ పెట్టాను. బిల్డ్ ఒక్కసారే సీఐలో అవుతోంది. లాక్ ఫైల్ మారినప్పుడు దాని హ్యాష్‌తోనే సీఐ క్యాష్ కూడా మారేలా పెట్టాను. లాక్‌ఫైల్-లింట్ పెట్టాను. పీఆర్ టెంప్లేట్‌లో 'లాక్ మారితే ఎందుకు మారిందో ఒక వాక్యం రాయాలి' అని చేర్చాం.

ఈరోజు సాయంత్రం ఒక పరీక్ష చేశాను. క్యాష్ లేకుండా, రెండు వేరే మెషిన్ల మీద, ఒకే కమిట్‌ని బిల్డ్ చేసి ఫైళ్ల హ్యాష్‌లు పోల్చాను. స్టాటిక్ ఫోల్డర్‌లో ఒక్క ఫైల్ కూడా తేడా లేదు. ఆ ఖాళీ తేడాల జాబితా చూసి మా లీడ్‌ని పిలిచి చూపించాను. మొత్తంలో చెప్పుకోదగ్గ తేడా ప్రీరెండర్ మానిఫెస్ట్ ఒక్కటే. అందులో ప్రివ్యూ మోడ్ కీలు బిల్డ్‌కొకసారి కొత్తగా పుడుతున్నాయి. దాన్ని వదిలేశాం, ఎలాగూ ఇప్పుడు ఇమేజ్ ఒకటే.

క్లినిక్‌కి వెళ్లి జరిగింది చెప్పి వచ్చాను. రిసెప్షన్‌లో ఆవిడ ఆ మూడు రోజుల అపాయింట్‌మెంట్లన్నీ ఒక నోట్‌బుక్‌లో చేత్తో రాసి పెట్టుకున్నారు. ఇంకో వారం అలాగే రాస్తానన్నారు, వద్దనలేదు. పాత సర్వరు అన్నకీ, రాత్రి షిఫ్టు అక్కకీ చాలా థ్యాంక్స్.

---

సిరిసిల్ల నేత · శుక్రవారం, రాత్రి 11:18

మా రిపో ఇప్పుడే తెరిచి చూశాను. డాకర్‌ఫైల్‌లో 'ప్యాకేజ్*.జేసన్' అనే ఉంది, సరిగ్గానే. కానీ డాకర్‌ఇగ్నోర్ మూడో లైన్‌లో ప్యాకేజ్-లాక్.జేసన్ ఉంది. మూడేళ్ల కిందట ఎవరో పెట్టారు. ఆ లైన్ తీసేశాను, 'సీఐ' పెట్టాను, బిల్డ్ నడుస్తోంది. పొంతన లేదని ఆగితే రేపు పొద్దున మళ్లీ ఇక్కడికే వస్తాను.